పోస్టర్ 1966ది, టీషర్ట్ నిన్నటిది: పాత రాక్ కచేరీ బొమ్మల వెనక లెక్క

తల మీద గులాబీల కిరీటం, చేతికి గులాబీల దండ ఉన్న అస్థిపంజరం. 'గ్రేట్‌ఫుల్ డెడ్' అనే అమెరికన్ బ్యాండ్ కచేరీ పోస్టర్ మీద వేసిన బొమ్మ ఇది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెతికితే ఈ బొమ్మ ఉన్న టీషర్ట్ ఒక చోట వందల్లో, ఇంకో చోట వేలల్లో కనిపిస్తుంది, రెండు చోట్లా 'వింటేజ్' అనే రాసి ఉంటుంది. నిజంగా ఆ కాలం నాటి టీషర్టుల సంగతి వేరే. 1967 నాటిదిగా చెప్పిన ఇదే బ్యాండ్ టీషర్ట్ ఒకటి 2021లో సోథ్‌బీస్ వేలంలో 17 వేల డాలర్లు దాటి పలికింది, అప్పటి మారకం రేటులో సుమారు రూ.13 లక్షలు. చూడ్డానికి అన్నీ టీషర్టులే, మరి ఇంత తేడా ఎందుకు?

క్లుప్తంగా: 'వింటేజ్' అనే మాట బొమ్మ వయసు చెబుతోందా, బట్ట వయసు చెబుతోందా అన్న దగ్గరే గందరగోళమంతా ఉంది. అప్పట్లో పోస్టర్లు గోడల కోసం వేశారు, వాటిని ఒంటి మీదకి తెచ్చే వ్యాపారం తర్వాత పుట్టింది. కాగితం కోసం గీసిన బొమ్మ గుడ్డ మీదకి రావాలంటే కొంత పోతుంది. పైగా బొమ్మ హక్కు ఒకరిది, అందులో ఉన్న బ్యాండ్ పేరు మీద హక్కు మరొకరిది. ధరలో తేడా చాలావరకు వీటి నుంచే వస్తుంది.

గోడ మీద పుట్టిన సరుకు

ఈ పోస్టర్ల సొంతూరు శాన్‌ఫ్రాన్సిస్కో. 1966లో అక్కడ రెండు డాన్స్ హాళ్లు పోటాపోటీగా నడిచేవి. ఒకటి బిల్ గ్రాహం నడిపిన ఫిల్‌మోర్ ఆడిటోరియం, రెండోది చెట్ హెల్మ్స్ 'ఫ్యామిలీ డాగ్' పేరుతో నడిపిన అవలాన్ బాల్‌రూమ్. దాదాపు ప్రతి వారాంతం కచేరీ ఉండేది, ప్రతి కచేరీకీ కొత్త పోస్టర్ కావాల్సి వచ్చేది. వెస్ విల్సన్, విక్టర్ మొస్కోసో, రిక్ గ్రిఫిన్, స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ, ఈ ఐదుగురి పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. గ్రాహం భార్య బోనీ మెక్లీన్ గీసినవి కూడా తక్కువేం కాదు, ఆమె పేరు మాత్రం ఆ జాబితాల్లో చాలాకాలం వెనకబడే ఉంది.

ఒక్కో పోస్టర్ అటూ ఇటుగా 14 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవు. ఆఫ్‌సెట్ మీద అచ్చేసి దుకాణాల అద్దాలకూ కరెంటు స్తంభాలకూ అంటించేవారు, అంటించిన వెంటనే జనం పీక్కుపోయేవారు. దాంతో గ్రాహం వాటిని కచేరీ అయ్యాక ఇంటికెళ్లే వాళ్లకి ఊరికే పంచడం మొదలుపెట్టారు, ఆ తర్వాత అమ్మకానికీ పెట్టారు. 1967 సెప్టెంబర్ 1 నాటి 'లైఫ్' పత్రిక ముఖచిత్ర కథనమే పోస్టర్ల వెర్రి మీద వచ్చిందంటే సంగతి ఏడాదిలోనే ఎక్కడిదాకా పోయిందో అర్థమవుతుంది. గ్రాహం పోస్టర్లకి వరస నంబర్లుంటాయి, బీజీ-1 నుంచి బీజీ-287 దాకా. అవలాన్ పోస్టర్లకి ఎఫ్‌డీ, అంటే ఫ్యామిలీ డాగ్ నంబర్లు. గులాబీల అస్థిపంజరం ఎఫ్‌డీ-26, 1966 సెప్టెంబర్ 16, 17 తేదీల కచేరీలకి మౌస్, కెల్లీ కలిసి చేసింది.

మరి టీషర్టులు? ఇక్కడే చాలామంది పొరబడతారు. అరవైల్లో బొమ్మల టీషర్ట్ అంటే కాలేజీ పేరో, టూరిస్టు ఊరి పేరో ఉన్నది. గుడ్డ మీద గట్టిగా పట్టుకునే ప్లాస్టిసాల్ ఇంకు వచ్చిందే 1959 ప్రాంతంలో. అల్లన్ 'గట్' టెర్క్ లాంటి ఒకరిద్దరు బ్యాండ్ బొమ్మల్ని టీషర్టుల మీద చేత్తో స్క్రీన్ ప్రింట్ చేసి అమ్మారు, సోథ్‌బీస్‌లో అమ్ముడైనది కూడా ఆయన చేతి పనే. అవి బ్యాండ్ పేరుతో వేసిన విడి డిజైన్లు, కచేరీ పోస్టర్‌కి కాపీలు కావు. బ్యాండ్ టీషర్టుల వ్యాపారం ఒక పరిశ్రమలా మారింది డెబ్బైల్లో, గ్రాహం వాళ్ల 'వింటర్‌లాండ్ ప్రొడక్షన్స్' లాంటి సంస్థలు వచ్చాక. కాబట్టి 1966, 67 నాటి ఫిల్‌మోర్ పోస్టర్ పూర్తిగా దిగిన టీషర్ట్ ఎక్కడ కనిపించినా, ఆ బట్ట తర్వాతెప్పుడో తయారైనదే అనుకోవడం క్షేమం. బొమ్మ తాతకాలందే, చొక్కా మాత్రం మనవడి వయసుది.

చదవలేకుండా ఉండాలనే గీశారు

ఈ బొమ్మలు గుడ్డ మీద ఎందుకు మారిపోతాయో తెలియాలంటే ముందు ఇవి కాగితం మీద ఎలా పనిచేస్తాయో చూడాలి. మామూలుగా పోస్టర్ అంటే బస్సులో వెళ్తూ కూడా చదివేలా ఉండాలి. వీళ్లు దానికి తలకిందులుగా ఆలోచించారు. వెస్ విల్సన్‌కి 1965 చివర్లో బర్కిలీలో జరిగిన ఒక ప్రదర్శన కేటలాగ్‌లో వియన్నా చిత్రకారుడు ఆల్ఫ్రెడ్ రోలర్ 1900ల మొదట్లో రాసిన అక్షరాలు కనిపించాయి. అక్షరాలు ఉబ్బి, పక్కదానికి అతుక్కుని, ఇచ్చిన ఆకారం మొత్తాన్ని నింపేస్తాయి. అక్షరం కన్నా అక్షరాల మధ్య మిగిలిన సన్నటి సందే చదవాల్సిన గీత. విల్సన్ దాన్ని మంటలా, నీళ్లలా సాగదీశారు. ఆగి, మెడ వంచి చూస్తే తప్ప ఏ బ్యాండో, ఏ రోజో తెలియదు. అలా ఆగేవాళ్ల కోసమే అది.

మొస్కోసో దారి రంగులది. ఆయన యేల్ యూనివర్సిటీలో జోసెఫ్ ఆల్బర్స్ దగ్గర రంగుల పాఠం నేర్చుకున్నవారు. ఎరుపు పక్కన నీలమో పచ్చో, రెండూ ఒకే తీవ్రతతో పెడితే కన్ను ఏదో ఒకదాని మీద నిలబడలేక అంచు దగ్గర కదిలినట్టు కనిపిస్తుంది. స్కూల్లో చెయ్యొద్దన్నవన్నీ చేశానని ఆయన తర్వాత చెప్పుకునేవారు.

ఇప్పుడు దీన్ని టీషర్ట్ మీదకి తేవాలి. స్క్రీన్ ప్రింటింగ్ మనకి కొత్తేం కాదు, పెళ్లి శుభలేఖలూ గుడ్డ సంచులూ ఎన్నికల టీషర్టులూ అన్నీ దాంట్లోంచి వచ్చేవే. ఫ్రేముకి బిగించిన సన్నటి జాలీ, దాని మీద ఇంకు, రబ్బరు పట్టీతో ఒక్క లాగు. రంగుకో ఫ్రేము. కాగితం తెల్లగా, నున్నగా ఉంటుంది, పల్చటి ఆఫ్‌సెట్ ఇంకు కిందనుంచి ఆ తెలుపే వెలుగునిస్తుంది. టీషర్ట్ గుడ్డ అల్లిక, ఇంకు పడగానే కొంచెం పక్కకి పాకుతుంది. విల్సన్ అక్షరాల మధ్య సందు వెంట్రుకంత సన్నంగా ఉంటుంది కదా, అది కాస్తా పూడిపోతుంది. పూడకుండా ఉండాలంటే బొమ్మని కంప్యూటర్లో మళ్లీ గీసి సందుని కొంచెం వెడల్పు చేయాలి. మంచి ప్రింటర్ ఇది చేస్తాడు. ఇంటర్నెట్‌లో దొరికిన చిన్న ఫోటోని సాగదీసి అచ్చేసేవాడు చేయడు. రెండు టీషర్టుల్ని పక్కపక్కన పెట్టి ఒక్క 'ఏ' అక్షరం కడుపు చూస్తే చాలు, ఏది ఎలా వచ్చిందో తెలిసిపోతుంది.

నల్ల టీషర్ట్ అయితే ఇంకో చిక్కు. నలుపు మీద రంగు కనిపించాలంటే ముందు తెల్ల ఇంకు ఒక పొర వేసి, వేడితో ఆరబెట్టి, దాని మీద మిగతా రంగులు వేయాలి. ప్లాస్టిసాల్ గాలికి ఆరేది కాదు, 160 డిగ్రీల సెల్సియస్ దగ్గరి వేడి తగిలితేనే గట్టిపడుతుంది. ఆ తెల్ల పొర వెంట్రుకవాసి జరిగినా మొస్కోసో ఎరుపు, నీలాల మధ్య తెల్ల అంచు బయటపడుతుంది, కదిలే రంగులు కాస్తా ఆగిపోతాయి.

దీనికి ఎదురు ఉదాహరణ వుడ్‌స్టాక్ పోస్టర్. 1969 ఆగస్టులో జరిగిన ఆ సంగీతోత్సవానికి ఆర్నాల్డ్ స్కోల్నిక్ రంగు కాగితాలు కత్తిరించి చేశారు: ఎర్రటి నేల, గిటార్ మెడ, దాని మీద తెల్ల పిట్ట. అందరూ పావురం అంటారు గానీ ఆయన అప్పట్లో గీస్తూ ఉన్నది క్యాట్‌బర్డ్ అనే వేరే పిట్టని. చదునైన ముక్కలు, నాలుగైదు రంగులు, సన్న గీతలు లేవు. స్క్రీన్ ప్రింటింగ్‌కి కొలిచి కుట్టినట్టు ఉంటుంది. ఎంత చౌక టీషర్ట్ మీదైనా వుడ్‌స్టాక్ బొమ్మ బాగానే ఉండి, ఫిల్‌మోర్ బొమ్మ అలికేసినట్టు కనిపించడానికి కారణం ఇదే, కొన్నవాళ్ల అదృష్టం కాదు.

బొమ్మ ఒకరిది, పేరు ఇంకొకరిది

ధరలో తేడాకి రెండో కారణం హక్కులు. ఒక పోస్టర్లో కనీసం మూడు పక్షాలుంటాయి: గీసిన చిత్రకారుడు, డబ్బిచ్చి గీయించుకున్న నిర్వాహకుడు, పేరు వాడుకున్న బ్యాండ్. 1966లో ఇదెవరూ పెద్దగా పట్టించుకోలేదు, వారం గడిస్తే చిరిగిపోయే కాగితమే కదా అనుకున్నారు. డబ్బులు కనబడ్డాక మొదలయ్యాయి గొడవలు. విల్సన్ 1967లో డబ్బు విషయమై గ్రాహంతో తగువుపడి బయటికొచ్చేశారు. పోతూ పోతూ వేసిన పోస్టర్లో ఒక పాము, దాని కోరల మధ్య డాలర్ గుర్తు. మొస్కోసో ముందే మేల్కొని 'నియాన్ రోజ్' పేరుతో సొంతంగా పోస్టర్లు వేసుకుని కాపీరైట్ తన దగ్గరే ఉంచుకున్నారు.

'యాభై ఏళ్లు దాటిన బొమ్మ, ఎవరైనా వేసుకోవచ్చు' అనే మాట అమ్మకందారుల నోట తరచూ వినిపిస్తుంది. ఇది సగం కూడా నిజం కాదు. అప్పటి అమెరికా చట్టంలో పోస్టర్ మీద కాపీరైట్ నోటీసు, అంటే గుర్తు, పేరు, సంవత్సరం లేకుండా ప్రచురిస్తే హక్కు పోయేది, ఆ మేరకు కొన్ని పాత కాగితాలు నిజంగానే అందరివీ అయ్యాయి. నోటీసు సరిగ్గా ఉన్న 1967 పోస్టర్ మాత్రం ప్రచురించిన ఏడాది నుంచి 95 ఏళ్లు, అంటే 2062 చివరి దాకా రక్షణలో ఉంటుంది. అంచున చీమంత అక్షరాల్లో ఉన్న ఆ ఒక్క లైను ఉందా లేదా అన్నదాన్ని బట్టి లక్షల వ్యాపారం మారిపోతుంది. ఏ పోస్టర్‌కి ఆ పోస్టర్ విడిగా చూసుకోవాల్సిందే, మూకుమ్మడి తీర్పు కుదరదు.

బొమ్మ హక్కు తేలినా కథ అయిపోదు. గ్రాహం అసలు పేరు వోల్ఫ్‌గాంగ్ గ్రాయోంకా, బెర్లిన్‌లో పుట్టి చిన్నప్పుడే శరణార్థిగా అమెరికా చేరిన యూదు కుర్రాడు. 1991లో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయాక కంపెనీ చేతులు మారింది. ఆయన దాచిన పోస్టర్లు, టేపులు, టీషర్టుల గుట్టని బిల్ సేగన్ అనే వ్యాపారి కొని 'వోల్ఫ్‌గాంగ్స్ వాల్ట్' అనే వెబ్‌సైట్ పెట్టారు. 2006 డిసెంబర్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్, లెడ్ జెపెలిన్, శాంటానా, డోర్స్ తరఫు వాళ్లు ఆ సైట్ మీద కోర్టుకెక్కారు. రికార్డింగులతో పాటు, తమ పేర్లూ బొమ్మలూ ఉన్న సరుకు అనుమతి లేకుండా అమ్ముతున్నారన్నది అందులో ఒక అభ్యంతరం. అసలు గుట్ట చేతిలో ఉన్నవాళ్లకే ఇంత తలనొప్పి ఉంటే, ఫోటో దింపుకుని అచ్చేసేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

అదే ఏడాది న్యూయార్క్‌లోని అప్పీల్ కోర్టు ఇచ్చిన మరో తీర్పుతో పోలిస్తే విషయం ఇంకా తేటపడుతుంది. గ్రేట్‌ఫుల్ డెడ్ చరిత్ర మీద డార్లింగ్ కిండర్‌స్లీ సంస్థ వేసిన పుస్తకంలో ఏడు కచేరీ బొమ్మల్ని అనుమతి లేకుండా చిన్న సైజులో, కాలక్రమం పక్కన వాడుకున్నారు. ఆ బొమ్మల హక్కులు తమవన్న గ్రాహం ఆర్కైవ్స్ సంస్థ కేసు వేసింది, ఓడిపోయింది. బొమ్మ తగ్గించి, చరిత్ర చెప్పడానికి వాడారు కాబట్టి అది న్యాయమైన వాడకమే అంది కోర్టు. టీషర్ట్ దీనికి సరిగ్గా ఎదురు: బొమ్మ పెద్దది, ఉద్దేశం అలంకారం, అమ్మేది ఆ బొమ్మనే. ఆ వాదన ఇక్కడ నిలబడటం కష్టం.

పేరు హక్కు ఎంత గట్టిదో 2017లో అమెరికన్ టీవీ తారలు కెండాల్, కైలీ జెన్నర్‌లకి తెలిసొచ్చింది. డోర్స్, పింక్ ఫ్లాయిడ్ లాంటి బ్యాండ్ల బొమ్మల మీద తమ ముఖాలూ పేర్లూ అచ్చేసి, 'వింటేజ్' టీషర్టులంటూ 125 డాలర్లకి పెట్టారు. బ్యాండ్ల వైపు నుంచి అభ్యంతరాలు రాగానే సరుకు వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పారు. మన దగ్గరా ఈ హక్కు ఇప్పుడిప్పుడే జనానికి తెలుస్తోంది. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకి వెళ్లి, తమ పేరు, రూపం అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. అమెరికాలో బ్యాండ్లు వాదించేది సుమారుగా ఇదే.

ఒక వింత కూడా ఉంది. హక్కుల గురించి ఇంత గొడవ జరిగే ఈ పోస్టర్లలో కొన్ని వాటంతట అవే అరువు సొమ్ము. మౌస్, కెల్లీ 1966లో ఒక పోస్టర్ కోసం జిగ్‌జాగ్ సిగరెట్ కాగితం ప్యాకెట్ మీది గడ్డపాయనని యథాతథంగా దింపేశారు. గులాబీల అస్థిపంజరం కూడా వాళ్ల ఊహ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో లైబ్రరీలో దొరికిన ఒమర్ ఖయ్యాం రుబాయత్‌ల పాత ప్రతిలో ఎడ్మండ్ సలివన్ గీసిన నలుపు తెలుపు బొమ్మ అది, 1913లో అచ్చయింది. వీళ్లు రంగులద్దారు, అక్షరాలు చేర్చారు. దువ్వూరి రామిరెడ్డి 'పానశాల'గా తెలుగు చేసిన ఖయ్యామే ఈయన. నిషాపూర్ పద్యానికి లండన్ చిత్రకారుడు వేసిన బొమ్మ, కాలిఫోర్నియా కచేరీ మీదుగా ఇప్పుడు అమీర్‌పేట కుర్రాడి టీషర్ట్ మీదకి చేరింది. రోలింగ్ స్టోన్స్ నాలుక గుర్తుదీ ఇలాంటి కథే. 1970లో ఆ బ్యాండ్ టూర్ పోస్టర్ వేయడానికి వచ్చిన జాన్ పాష్‌కి బ్యాండ్ గాయకుడు మిక్ జాగర్ కాళికాదేవి బొమ్మ చూపించారు, దానికి ఆయనకి మొదట ముట్టింది 50 పౌండ్లు. లండన్‌లోని వీ అండ్ ఏ మ్యూజియం 2008లో ఆ అసలు బొమ్మని 50 వేల పౌండ్లకి పైగా పెట్టి కొంది.

వందల్లో ఎలా వస్తోంది

చౌక టీషర్టుల వెనక ఉన్నది డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) అనే పద్ధతి. బొమ్మని ప్లాస్టిక్ ఫిల్మ్ మీద ప్రింట్ చేసి, జిగురు పొడి చల్లి కరిగించి, హీట్ ప్రెస్‌తో గుడ్డకి అంటిస్తారు. ఫ్రేములు అక్కర్లేదు, రంగుల లెక్క లేదు, ఒక్క టీషర్ట్ అయినా వేస్తారు. తిరుప్పూర్ నుంచి వచ్చిన 180 జీఎస్ఎం (చదరపు మీటరుకి 180 గ్రాముల బట్ట) సాదా టీషర్టుల కట్ట, ఒక ప్రింటర్, ఒక ప్రెస్ ఉంటే చిన్న గదిలో వ్యాపారం నడుస్తుంది. సినిమా రీరిలీజ్‌ల రోజు ఫ్యాన్స్ వేసుకునే టీషర్టులు చాలావరకు ఇలా వచ్చేవే. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఆరు రంగులంటే ఆరు ఫ్రేములు, వాటి ఖర్చు రావాలంటే కనీసం కొన్ని డజన్లు అమ్మాలి. డీటీఎఫ్‌లో ఆ అడ్డంకి లేదు కాబట్టి ఆర్డర్ వచ్చాకే అచ్చేస్తారు, సరుకు మిగిలిపోతుందన్న టెన్షన్ ఉండదు. లైసెన్స్ రుసుము కూడా కట్టకపోతే ఇంక మిగిలే ఖర్చు గుడ్డ, ఇంకు, కొరియర్. దీంట్లో లోటు చేతికి తెలుస్తుంది: బొమ్మ ఉన్న చోట ప్లాస్టిక్ కాగితం అతికించినట్టు, చెమట పీల్చని పలక.

బట్ట వయసు కనిపెట్టడం

వేలల్లో పెట్టేవాళ్లకి కొన్ని గుర్తులు పనికొస్తాయి. బొమ్మ కింద 1967 అని కాపీరైట్ ఏడాది కనిపిస్తే అది బొమ్మ పుట్టిన సంవత్సరం, లైసెన్స్ తీసుకున్నవాళ్లు ఇవాళ అచ్చేసినా అదే వేస్తారు. ఉతికే పద్ధతి చెప్పే లేబుల్ అమెరికాలో తప్పనిసరి అయింది 1972 జూలై నుంచి, కాబట్టి మెడ దగ్గర అది ఉంటే '1967 ఒరిజినల్' అన్న మాట నమ్మడం కష్టం. ఆ లేబుల్లో మాటలు లేకుండా బకెట్, త్రికోణం లాంటి గుర్తులు మాత్రమే ఉంటే ఇంకా ఇటీవలిది, అమెరికాలో వాటిని ఒప్పుకున్నది 1997లో. చేతుల అంచున ఒకే వరస కుట్టు ఉంటే 1990ల మధ్యకి ముందుదని అంటారు గానీ, ఇప్పుడు ఆ కుట్టుతోనే కొత్తవి కుడుతున్నారు. పగిలిన ప్రింటూ అంతే. నిజంగా ఉతికి ఉతికి పగిలిన ఇంకు మడతల దగ్గర ఎక్కువ, మిగతా చోట తక్కువ పగులుతుంది. కంప్యూటర్లో చేర్చిన పగులు బొమ్మంతా ఒకేలా ఉంటుంది, రెండో టీషర్ట్ మీద కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది.

ఇక ముందు

అసలు పోస్టర్లకి హక్కులు గట్టిపడే కొద్దీ, పోస్టర్ లేని పోస్టర్ టీషర్టులు పెరిగే సూచనలే కనిపిస్తున్నాయి. కాపీరైట్ ఒక ఫలానా బొమ్మకి వర్తిస్తుంది, గీసే శైలికి కాదు. ఉబ్బిన అక్షరాలు, కదిలే రంగులు, పుర్రె, గులాబీలు ఎవరైనా వాడుకోవచ్చు. ఏఐతో నిమిషాల్లో తయారయ్యే బొమ్మల్లో ఎప్పుడూ జరగని కచేరీలకి తేదీలు పడుతున్నాయి. వాటిని పట్టుకోవడం అదృష్టవశాత్తూ తేలికే, ఎందుకంటే అసలువాటికి నంబర్లున్నాయి, తేదీలున్నాయి. గులాబీల అస్థిపంజరం పోస్టర్లో సెప్టెంబర్ 16, 17 అంటే శుక్ర, శని వారాలు, 1966 క్యాలెండర్‌తో సరిపోతుంది. నకిలీలో తేదీకీ వారానికీ తరచుగా పొత్తు కుదరదు. హాలు పేరు కూడా చూడొచ్చు: గ్రాహం తన కచేరీల్ని వేరే హాలుకి మార్చి దానికి 'ఫిల్‌మోర్ వెస్ట్' అని పేరు పెట్టింది 1968 జూలైలో, మూసేసింది 1971లో. 'ఫిల్‌మోర్ వెస్ట్, 1966' అని రాసి ఉన్న టీషర్ట్ ఎవరైనా అమ్ముతుంటే, ఆ కచేరీకి వెళ్లినవాళ్లు ఎవరూ ఉండరు.